ఊఁ కొట్టే యంత్రం

మధ్యవర్తి ఉద్యోగం

ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగం ఏమిటో మా ఊరు తిరువూరులో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. 'కంప్యూటర్లు' అంటే చాలామందికి సరిపోయేది. మా మేనమామకు సరిపోలేదు. ఒకసారి నిలదీసి అడిగాడు. "మనిషి చెప్పింది యంత్రానికీ, యంత్రం చెప్పింది మనిషికీ అర్థమయ్యేట్టు చూడటం మావయ్యా" అన్నాను. ఆయన "అయితే పెళ్ళిళ్ళ పేరమ్మవన్నమాట. రెండు వైపులా భోజనాలు నీకే" అన్నాడు. ఇన్నేళ్ళలో నా ఉద్యోగాన్ని అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు లేరు.

మా పనిలో దాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. నేను చేరినప్పుడు మీటలు, బొత్తాలు. తర్వాత చేతిలో ఇమిడే టచ్ స్క్రీన్ వచ్చి అన్నిటినీ మింగేసింది. ఇప్పుడు దాన్ని కూడా తీసేసే రోజులొచ్చాయి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే, చేతిలో ఫోను పోయాక ఏమొస్తుందని. కళ్ళజోళ్ళా, ఉంగరాలా, గాల్లో చెయ్యి తిప్పితే సరిపోతుందా అని. అన్నీ వస్తాయి. కొన్ని వచ్చి పోతాయి కూడా.

వాళ్ళకోసమే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఏ హోదా ఎప్పుడొచ్చిందో, ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మారానో రాయను. వాటితో మీకు పనిలేదు, నాకూ తీరింది. నాకు మిగిలినవల్లా మనుషులు యంత్రాలతో అన్న మాటలు, అనలేకపోయిన మాటలు.

వెయ్యడం, తియ్యడం

అద్దం మీద వేలు పెట్టి నొక్కడంలో ఒక సుఖముంది. దానికి భాష అక్కర్లేదు. బొమ్మ కనిపిస్తుంది, నొక్కుతారు. ఆ అద్దం తీసేసి నోటితో చెప్పండి అన్నామంటే, భాష మొత్తం ఇంటిల్లిపాదితో సహా లోపలికొచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి మాకు మొదట్లో అర్థం కాలేదు.

నోటిమాటతో ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, తలుపు గడియలు నడిపే యంత్రాన్ని తెలుగులోకి తెస్తున్న రోజులవి. మా పైఅధికారి మూర్తిగారు తెలివైనవారు, కానీ తొందర మనిషి. ఇంగ్లీషులో ఆన్, ఆఫ్ అని రెండు మాటలుంటే తెలుగులోనూ రెండే ఉండాలన్నారు. ఆన్ అంటే వెయ్యి, ఆఫ్ అంటే తియ్యి అని పెట్టుకున్నాం. లైట్లకూ ఫ్యాన్లకూ అది చక్కగా కుదిరింది. తలుపుకు కూడా తెరిస్తే ఆన్, మూస్తే ఆఫ్ అని అదే వరసలో పెట్టేశాం. ఎ.కొండూరులో మా పెదనాన్న కూతురు భారతక్క అప్పుడే కొత్త ఇల్లు కట్టుకుంది. అడిగి, ఆ ఇంట్లోనే పరీక్ష పెట్టాం.

అక్క రెండు చేతుల్లో కూరగాయల సంచులతో గుమ్మం ముందు నిలబడి "తలుపు తియ్యి" అంది. యంత్రం అలాగే అని చెప్పి గడియ బిగించింది. ఎట్లాగో లోపలికెళ్ళి, మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామని "తలుపు వెయ్యి" అంది. గడియ తెరుచుకుంది. పక్కింటి మేక ఇంట్లోకి వచ్చింది.

లైటు వేస్తే వెలుగుతుంది, తలుపు వేస్తే మూసుకుంటుంది. లైటు తీస్తే చీకటి, తలుపు తీస్తే వెలుతురు. మేమందరం తెలుగు ఇళ్ళలో పుట్టినవాళ్ళమే, ఒక్కరికీ ఇది తట్టలేదు. ఆఫీసులో కూర్చున్నాక తెలుగులో ఆలోచించడం మానేశాం మరి. భారతక్క మాత్రం ఫోను చేసి, "ఏంటే పద్మా, నీ యంత్రం అచ్చం మా అత్తగారే. నేను ఏది చెబితే దానికి ఎదురు" అంది.

మూర్తిగారికి ఈ కథ చెబితే నవ్వలేదు. "జనానికి అలవాటు చేద్దామండి. తలుపు ఆన్, తలుపు ఆఫ్ అనమందాం" అన్నారు. యంత్రం నేర్చుకోవలసినదాన్ని మనిషికి నేర్పుదామనే పైఅధికారి మీకూ దొరుకుతాడు. గౌరవంగా వినండి. చెయ్యకండి. మేము మాటలన్నీ మళ్ళీ మొదటినుంచి రాసుకున్నాం, ఏ వస్తువుకు ఏ మాట వాడతారో ఇళ్ళకు వెళ్ళి వింటూ.

ఉంటానండి

ఇంకో పొరపాటు ఇంతకన్నా చిన్నది, నన్ను ఇంతకన్నా ఎక్కువకాలం వెంటాడింది. రోగులతో ఫోనులో మాట్లాడి, డాక్టరును ఎప్పుడు కలవాలో చెప్పే యంత్రం అది. అంతా బాగానే మాట్లాడేది. అవతలివాళ్ళు ఏమన్నా దానికి తగ్గ జవాబు ఇచ్చేది.

వినగడప నుంచి ఒక పెద్దాయన చేశారు. పని అయిపోయింది. "సరేనండి, ఉంటాను" అన్నారు. యంత్రం ఎంతో మర్యాదగా "అలాగేనండి, ఉండండి" అంది.

ఆయన ఉన్నారు. ఆ రికార్డింగు నేను విన్నాను. ఆయన ఊపిరి వినిపిస్తూంటుంది. దూరంగా ఎక్కడో కోడి అరుస్తుంది. ఎవరో ఆడమనిషి వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతుంది. ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండమన్నారు" అని గుసగుసగా చెబుతారు. మళ్ళీ ఊపిరి. ఉండమన్నాక పెట్టేస్తే బాగోదని ఆయన బాధ.

ఆఫీసులో అందరం పడీపడీ నవ్వాం. వెళ్ళేటప్పుడు 'ఉంటాను' అనే జాతి మనది, పోతున్నానని నోటితో అనలేం. ఆ మాటను యంత్రానికి ఒక్క పూటలో నేర్పేశాం. కానీ ఆ రికార్డింగు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. అవతల ఎవరూ లేని ఫోనును చెవికి ఆనించుకుని, ఎవరో ఉన్నారని ఎదురుచూస్తున్న మనిషి.

గాల్లో చేతులు ఊపితే పనిచేసే యంత్రం సంగతి ఎక్కువ చెప్పను. ఈగలు తోలుకునే మనిషి ముందు దాన్ని పెట్టకండి. అంతే.

రాఘవయ్యగారి పిలుపు

మావారు పోయాక హైదరాబాదులో ఉండలేకపోయాను. కంపెనీవాళ్ళు ఇంటినుంచే పని చేసుకోమన్నారు. తిరువూరు వచ్చేశాను. ఉద్యోగంలో నా చివరి పని ఇక్కడినుంచే, విస్సన్నపేటకు బస్సుల్లోనూ షేర్ ఆటోల్లోనూ తిరుగుతూ చేశాను.

అది గొంతు పోయినవాళ్ళ కోసం తయారవుతున్న పరికరం. గడ్డం కింద, దవడ మీద అతికించుకునే పల్చటి పట్టీలు ఉంటాయి. మనిషి శబ్దం లేకుండా పెదవులు కదిపితే చాలు, లోపలి కండరాల కదలికనుబట్టి అది ఏ మాటో గుర్తుపడుతుంది. చొక్కా జేబులో పెట్టుకునే చిన్న స్పీకరు ఆ మాటను పైకి పలుకుతుంది. చూడటానికి తెర లేదు, నొక్కడానికి ఏమీ లేదు.

విస్సన్నపేటలో దాన్ని వాడి చూడటానికి ఒప్పుకున్నవారు రాఘవయ్యగారు. మామిడికాయల మార్కెట్టులో వేలంపాట నడిపిన మనిషి. ఆయన ధర కేకేస్తే రోడ్డు మీద బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా తలతిప్పి చూసేవారట. గొంతులో పుండు ముదిరి, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీసేశారు. పెదవులు ఆడుతాయి, మాట రాదు. కోడలు ఒక ఫోను కొనిచ్చింది. అందులో నీళ్ళ బొమ్మ నొక్కితే నీళ్ళు అంటుంది, మాత్ర బొమ్మ నొక్కితే మాత్ర అంటుంది. ఆయన దాన్ని దిండు కింద పెట్టి మర్చిపోయారు. ఎందుకని అడిగితే పలక తీసుకుని, "మనిషిని పిలవాలంటే ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి" అని రాశారు. టచ్ స్క్రీన్ గురించి పెద్ద పెద్ద సభల్లో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఈ ఒక్క వాక్యం రాసుకోండి చాలు.

భార్య సుశీలమ్మగారిని పిలవాలంటే ఆయన స్టీలు గ్లాసుతో బల్ల మీద కొట్టేవారు. "గొడ్డుని అదిలించినట్టు ఆ చప్పుడేంటండీ అంటే ఆయనకి కోపం. ఊరుకుందామంటే నాకు కోపం. రోజూ ఇదే భాగోతం వదినగారూ" అంది ఆవిడ నాతో. నేను ఆయన్ని అన్నయ్యగారూ అన్నాను కాబట్టి మొదటిరోజే వదినలం అయిపోయాం.

మా బృందానికి పెద్ద నందిత. నా వయసులో సగం, బెంగుళూరులో ఉండేది. పరికరం పలకవలసిన మాటలు ఆమె డాక్టర్లను అడిగి ఎంచింది: నీళ్ళు, నొప్పి, ఊపిరి, మందు, అలాంటివి. రాఘవయ్యగారు వాటిని చూసి పలక మీద ఒకే మాట రాశారు. 'ఇదిగో.' పెళ్ళైన నాటినుంచీ ఆయన భార్యను పిలిచింది ఆ మాటతోనే. పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు.

నందితకు ఫోను చేశాను. "పద్మజగారూ, ఒక్కో మాట చేర్చేకొద్దీ మిగతా మాటల్లో తప్పులు పెరుగుతాయి. ఆయన ఊపిరి అందట్లేదని చెప్పబోతే ఇది 'ఇదిగో' అందనుకోండి, ఎవరిది బాధ్యత?" అంది. ఆమె మాటలో తప్పు లేదు. వాదించి, బతిమాలి, ఒప్పించాను.

పట్టీలు పెట్టాం. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని పెదవులు కదిపారు. జేబులోంచి "ఇదిగో" అని స్పష్టంగా వచ్చింది. వంటింట్లో సుశీలమ్మగారు కదల్లేదు. మళ్ళీ వచ్చింది. కదల్లేదు. ఆయన ముఖం చూడలేక నేనే లోపలికి వెళ్ళాను. ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"వినపడలేదా వదినగారూ?"

"వినపడింది. వేరే మగమనిషెవరో వీధిలోంచి ఇదిగో అంటే పలుకుతామా? తిరిగి చూడ్డానికే నాకు సిగ్గేసింది."

అది కంపెనీ వాళ్ళు తయారుచేసిన గొంతు. శుభ్రమైన ఉచ్చారణ, మంచి మగ గొంతు. ఆవిడ భర్తది కాదు.

మాట కాని మాట

ఆ రోజు పని ఆపేసి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ వంటింట్లో పీట మీద కూర్చున్నాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన గొంతు ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తామని, మళ్ళీ ప్రయత్నిస్తామని చెప్పాను. ఆవిడ తలెత్తలేదు.

"ఆయన పిలవకపోయినా పర్లేదులెండి. నేను గంటకోసారి వెళ్ళి చూస్తానే ఉంటా. నాకు కావాల్సింది అది కాదు."

"మరేంటి?"

"నేను పిలిస్తే పలకాలి. ఇక్కడ్నుంచి ఏవండీ అంటాను. ఇదివరకు ఊఁ అనేవారు. నాకు పనేం ఉండేది కాదు, ఊరికే, ఉన్నారో లేదోనని. ఊఁ అంటే నా పని నేను చేసుకునేదాన్ని. ఇప్పుడు ఏవండీ అంటే చప్పుడుండదు. చేతిలో పని వదిలేసి పరిగెత్తుకుంటా వెళ్ళి చూస్తా. కుర్చీలో కూర్చుని ఉంటారు, నన్ను చూసి నవ్వుతారు. మీ మిషన్ని ఊఁ అనమనండి చాలు."

మేమందరం పిలుపు గురించే ఆలోచించాం. రాఘవయ్యగారు కూడా. ఆవిడకు కావలసింది పలుకు. మన దగ్గర కథ చెప్పేవాళ్ళు కూడా వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే చెప్పడం ఆపేస్తారు. ఊఁ అంటే విన్నాననే కాదు, ఉన్నానని. మూడు దశాబ్దాలపాటు మనిషి మాటకు యంత్రం జవాబు చెప్పేట్టు చేసినదాన్ని, ఈ చిన్న శబ్దానికి ఎప్పుడూ లెక్కలో చోటివ్వలేదు.

చిక్కేమిటంటే, మా పరికరం చదవగలిగేది పెదవులు, నాలుక, దవడ చేసే కదలికలను. ఊఁ అనేటప్పుడు నోరు మూసే ఉంటుంది. అది పుట్టేదే గొంతులో, ఆ గొంతే ఆయనకు లేదు. నందితకు చెప్పాను.

"అది మాటే కాదు కదండీ" అంది.

"కాదు."

"మన పట్టీకి దొరకడానికి అందులో కదిలేదేమీ లేదు."

"లేదు."

"మా అమ్మ కూడా ఫోనులో నేను ఊఁ అనకపోతే హలో, హలో అని అరుస్తుంది" అంది. తర్వాత వారం రోజులు నాకు ఫోను చెయ్యలేదు. ఊఁ అనాలని మనసులో అనుకున్నప్పుడు గడ్డం కింద, నాలుక మొదట్లో, చిన్న బిగింపు వస్తుందని ఆమే పట్టుకుంది. స్వరపేటిక తీసేసినా ఆ బిగింపు పోదట. నా పైఅధికారులలో చాలామంది తమకు తెలియనిదాన్ని లేదన్నారు. ఈ పిల్ల అనలేదు. మీకు అలాంటివాళ్ళు దొరికితే జీతం తక్కువైనా వదలకండి.

ఇక గొంతు కావాలి. మార్కెట్టులో ఒక వ్యాపారి ఫోనులో రాఘవయ్యగారి వేలంపాటల వీడియోలు దొరికాయి. కేకలన్నీ మార్కెట్టు కేకలు, ఇంటికి పనికిరావు. కానీ మధ్యమధ్యలో, కొనేవాడు ధర చెప్పినప్పుడల్లా, ఆయన కేక ఆపి "ఊఁ" అంటున్నారు. పెద్దగా కాదు, విన్నానన్నట్టు. నందిత దాన్ని కత్తిరించి, చుట్టూ ఉన్న గోల తీసి, పరికరంలో పెట్టింది.

మళ్ళీ విస్సన్నపేట వెళ్ళాను. వసారాలో రాఘవయ్యగారికి పట్టీలు పెట్టి, సుశీలమ్మగారికి ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ పప్పు కలుపుతూ, అలవాటుగా, "ఏవండీ" అంది.

వసారాలోంచి, "ఊఁ."

గరిటె ఆగిపోయింది. ఆవిడ అటు తిరగలేదు, నావైపూ చూడలేదు. కాసేపటికి మళ్ళీ "ఏవండీ" అంది. "ఊఁ." ఇంకోసారి అంది. మూడోసారి ఊఁ వచ్చాక ఆయనే లేచి వచ్చి గుమ్మంలో నిలబడి పలక చూపించారు. "ఎన్నిసార్లు?" అని రాసి ఉంది.

"పలకండి, మీ సొమ్మేం పోయింది" అంది ఆవిడ. ఏడుస్తూనే అంది.

నేను చేసిన పనుల్లో బాగా అమ్ముడుపోయినవి వేరే ఉన్నాయి. నా బతుక్కి ఇది చాలు.

చెయ్యగలిగినవన్నీ

రాఘవయ్యగారు ఆ తర్వాత రెండు మామిడి కాపులు చూశారు. పోయింది గొంతు జబ్బుతో కాదు, గుండె ఆగి. అప్పటికి నేను రిటైరయ్యాను. పలకరించడానికి వెళితే, సుశీలమ్మగారు పట్టీలూ స్పీకరూ శుభ్రంగా తుడిచి, తెల్లటి గుడ్డలో చుట్టి నా ముందు పెట్టింది. మీ కంపెనీ వాళ్ళకి ఇచ్చెయ్యండి అంది.

తీసుకుని ఊరుకోవలసింది. కానీ ఆవిడ ముఖం చూసి నోరు ఊరుకోలేదు. "ఉంచుకోండి వదినగారూ. మీరు ఏవండీ అంటే అదే ఊఁ అనేట్టు పెడతాను. కష్టమేం కాదు. అన్నయ్యగారి గొంతే కదా" అన్నాను.

నిజంగానే కష్టం కాదు. రాబోయే యంత్రాలన్నీ ఇలాంటివే. కనిపించవు, చేతికి తగలవు, గోడల్లోనూ గాల్లోనూ ఉంటాయి, పిలిస్తే పలుకుతాయి. ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతుతో పలుకుతాయి. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళను ఎవరో ఒకరు, ఏదో ఒక ఇంట్లో, ఇది అడిగే తీరుతారు. అప్పుడేం చెప్పాలో నాకు తెలిసుంటే ఇక్కడ రాసేదాన్ని.

ఆవిడ ఆ గుడ్డమూటను నావైపు ఇంకాస్త జరిపింది.

"ఊఁ అంటే ఉన్నానని కదా వదినగారూ" అంది. "మార్కెట్టులో ఆయన బోలెడు అబద్ధాలు ఆడారు, ఆ యాపారమే అంత. ఇంట్లో ఈ ఒక్కటీ ఆడించొద్దు."

నేను మూట తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ నన్ను చూసి, "మరి మీరు పెట్టుకోలేదా, మీ ఆయనది?" అని అడిగింది.

మా ఇంట్లో పిలిస్తే పలికేవి చాలానే ఉన్నాయి. నేను ఇన్నేళ్ళూ చేసినవే. పేరు పెట్టి పిలిస్తే, చెప్పండి, మీకు ఏ విధంగా సహాయపడగలను అంటాయి. మావారి గొంతు కూడా ఫోనుల్లో చాలా ఉంది. స్నేహితుడి సన్మానంలో మాట్లాడింది, గ్యాసు బండ ఆలస్యమైందని పోట్లాడింది, మనవరాలికి పాట నేర్పింది. ఆయన పోయిన ఏడాది అన్నీ వరసగా విన్నాను, ఒక్క శబ్దం కోసం. ఆఫీసునుంచి వచ్చి నేను ఆ రోజు సంగతులన్నీ చెబుతుంటే, పేపరు చూస్తూ, ఆయన అనే ఊఁ కోసం. పాటలు రికార్డు చేస్తాం, ఉపన్యాసాలు రికార్డు చేస్తాం. భార్య చెప్పే సొద వింటున్న మనిషిని ఎవరు రికార్డు చేస్తారు?

"వెతికాను వదినగారూ. ఎక్కడా దొరకలేదు" అన్నాను. "దొరికుంటే పెట్టుకునేదాన్ని."

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఊఁ" అంది.